విదేశీ సినిమాకూ చిన్న సినిమాకూ ఎనభై మాటల తీర్పు రాయడం ఎట్లా

మిర్యాలగూడలో రాత్రి ఎనిమిదిన్నరకు కొట్టు కట్టేసి ఇంటికొచ్చిన మనిషికి మిగిలేది రెండు గంటలు. ఏదో ఇరాన్ సినిమా చూడాలా, పడుకోవాలా అని ఆయన ఫోన్ తీసి మీరు రాసిన చిన్న సమీక్షను, అంటే మీ తీర్పును చదువుతాడు. చదివేది అర నిమిషం. ఆ అర నిమిషంలో మూడు సంగతులు తేలాలి: ఇది ఎట్లాంటి సినిమా, ఎంత బాగా తీశారు, ఈ రాత్రి తన ఇంట్లో ఇది నడుస్తదా. ఈ మూడూ తేలకపోతే మిగతా రాత అంతా దండగ.

పొడుగు సమీక్షలు రాసే అలవాటున్నవాళ్ళు చిన్నది రాయమంటే కథతో మొదలుపెట్టి, చివర "ఒకసారి చూడొచ్చు" అని తగిలిస్తారు. కథకే అరవై మాటలు పోతాయి, తీర్పుకు జాగా ఉండదు. అందుకే లెక్క ముందే వేసుకోవాలి. తెలుగులో ఎనభై నుంచి వంద మాటలు సరిపోతాయి. పేరు, భాష, ఏడాది, దర్శకుడు, నిడివి కలిపి పది, పన్నెండు మాటలు. కథలో మనుషుల పరిస్థితికి ఇరవై. ఎట్లా తీశారన్నదానికి, రుజువుతో సహా, ముప్పై అయిదు. ఈ సినిమా ఎవరికి పడదో, ఎందుకు పడదో చెప్పడానికి పదిహేను. మిగిలిన నాలుగు మాటల్లో చూడాలా వద్దా అన్నది. చాలామంది వదిలేసేది ఆ "ఎవరికి పడదు" అన్న వాక్యాన్నే. పాఠకుడికి అన్నిటికంటే పనికొచ్చేదీ అదే.

ముందు తెర సరిచేసుకోండి

సినిమా బాగాలేదని రాసేముందు, బాగాలేనిది మీ టీవీ కాదని తేల్చుకోవాలి. సినిమాను సెకనుకు 24 ఫ్రేములతో, అంటే 24 విడి బొమ్మలతో తీస్తారు. కొత్త టీవీలు మధ్యమధ్య లేని ఫ్రేముల్ని సొంతంగా పుట్టించి కదలికను నున్నగా చేస్తాయి. మోషన్ స్మూతింగ్, ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఇట్లా కంపెనీకో పేరు. అది ఆన్‌లో ఉంటే ఎంత గొప్ప ఛాయాగ్రహణమైనా సాయంత్రం సీరియల్‌లాగే కనిపిస్తుంది. సెట్టింగుల్లోకి పోయి దాన్ని ఆపండి. పిక్చర్ మోడ్ "వివిడ్"లో ఉంటే "సినిమా"కు గానీ "మూవీ"కి గానీ మార్చండి. "జూమ్" కూడా తీసేయాలి. 1953కు ముందు వచ్చిన సినిమాలు దాదాపు అన్నీ చదరానికి దగ్గరగా ఉండే తెర కోసం తీసినవి. పక్కల నల్లగా ఉందని జూమ్ చేస్తే పైన తలలు, కింద సబ్‌టైటిళ్ళు తెగిపోతాయి. ఫ్రేమింగ్ సరిగా లేదని రాసినవాళ్ళలో కొందరు చూసింది తెగిన బొమ్మనే.

నిడివి విషయంలోనూ ఒక చిక్కుంది. ఒకే సినిమాకు ఒకచోట 100 నిమిషాలని, ఇంకోచోట 96 అని కనిపిస్తే, నాలుగు నిమిషాలు కోసేశారని వెంటనే రాయకండి. యూరప్ టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములతో నడిపితే అదే సినిమా నాలుగు శాతం త్వరగా అయిపోతుంది. ఒక్క సన్నివేశం కూడా పోదు.

కంప్యూటర్‌లో వేరే సబ్‌టైటిల్ ఫైల్ పెట్టుకుని చూస్తే వచ్చే తంటా కూడా ఇక్కడిదే. మాట ముందొచ్చి రాత వెనకొస్తుంటే, ఆ తేడా మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే ఉందా, పోనుపోను పెరుగుతోందా చూడండి. ఒక్కటే ఉంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో జీ, హెచ్ మీటలతో సరిచేయొచ్చు. ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు జరుగుతుంది, జీ నొక్కితే రాత ముందొస్తుంది, హెచ్ నొక్కితే వెనకొస్తుంది. పోనుపోను పెరుగుతుంటే ఫ్రేముల వేగం కలవనట్టే. ఎంత నొక్కినా పది నిమిషాలకు మళ్ళీ తప్పుతుంది, ఫైలే మార్చాలి. తప్పిన సబ్‌టైటిళ్ళతో చూసి నటులు మొహాలు ఆలస్యంగా మారుస్తున్నారని అనుకునే ప్రమాదం నిజంగా ఉంది.

సబ్‌టైటిల్ బరువు

మన నల్లగొండ, పాలమూరు జిల్లాల పాఠకులకు ఈ సమాచారం ఇచ్చేవాళ్ళు దాదాపు లేరు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్ ఒక్కో వరుసలో సుమారు 42 అక్షరాలు, రెండు వరుసలకు మించకుండా వేస్తారు. గబగబా చదివేవాళ్ళకు ఇబ్బంది లేదు. తెలుగు మీడియంలో చదువుకుని, ఇంగ్లిష్ కూడబలుక్కుంటూ చదివేవాళ్ళకు మాత్రం కళ్ళు తెర అడుగునే ఉండిపోతాయి, మొహాలు చూడ్డానికి తీరదు. కాబట్టి సినిమా మధ్యలో ఏదైనా ఒక నిమిషం తీసుకుని, సబ్‌టైటిల్ ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టండి. ఇరవై దాటితే బరువైనది, ఎనిమిదిలోపు ఉంటే తేలిక. ఇరాన్ దర్శకుడు అస్ఘర్ ఫర్హాదీ తీసిన "ఎ సెపరేషన్" (2011) మొదటి నిమిషం నుంచీ వాదోపవాదాలే, బరువైన లెక్కలోకి వస్తుంది. అంత బరువున్నదాన్ని "మాటలు ఎక్కువ, ఆపుకుంటూ చూసినా తప్పులేదు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తే పాఠకుడు సిద్ధపడి కూర్చుంటాడు.

మీరు చూసింది డబ్బింగా, అసలు భాషా అన్నది తప్పకుండా రాయాలి. డబ్బింగ్‌ను తీసిపారేయనక్కర్లేదు. కొరియన్ భాషలో మన నువ్వు, మీరులాగే పెద్దవాళ్ళతో ఒక తీరు, చిన్నవాళ్ళతో ఒక తీరు మాట్లాడతారు, క్రియల చివర్లే మారిపోతాయి. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్ళలో అదంతా ఒకే ఒక్క "యూ" అయిపోతుంది. నౌకరు యజమానితో ఉన్నట్టుండి "నువ్వు"లోకి దిగినా ఆ రాతలో తెలియదు. శ్రద్ధగా చేసిన తెలుగు డబ్బింగ్ దాన్ని నిలబెట్టగలదు. అయితే చాలా డబ్బింగుల్లో గది చప్పుడు, అడుగుల చప్పుడు సన్నగిల్లి గొంతులు మాత్రమే మైకు ముందున్నట్టు వినిపిస్తాయి. ఒక పది నిమిషాలు రెండు రకాలుగానూ విని చూడండి, ఏది మేలో ఒక వాక్యంలో చెప్పండి.

ఇంకో జాగ్రత్త. సబ్‌టైటిల్‌లో చదివిన మాటను రచయిత మాటగా ఎత్తి రాయకూడదు. కొరియా సినిమా "పారసైట్" (2019)లో యజమానురాలు ఫోన్ చేసి వండమనేది జపగురి, అంటే రెండు రకాల ప్యాకెట్ నూడుల్స్ కలిపి చేసే చవక తిండి. దాని మీద ఖరీదైన గొడ్డు మాంసం వేయిస్తుంది. ఆ ఇంటి పొగరంతా ఆ గిన్నెలోనే ఉంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో దాన్ని "రామ్‌డాన్" అనే కల్పించిన మాటగా మార్చారు. చవక తిండి మీద ఖరీదైన మాంసమన్న సంగతి తెలియకపోతే ఆ సన్నివేశంలో సగమే అందుతుంది.

మనకు అందని సగం ప్రతి విదేశీ సినిమాలోనూ ఉంటుంది. "బలగం" (2023)లో కాకి పిండం ముట్టకపోతే ఇంటిల్లిపాదీ ఎందుకు కలవరపడతారో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అదే సినిమా కొరియా మనిషి చూస్తే, పక్షి తినకపోతే ఏమైందని అడుగుతాడు. "ఎ సెపరేషన్"లో ముసలాయన బట్టలు తడుపుకుంటే, ఆయన్ని చూసుకునేందుకు కుదిరిన ఆడమనిషి ఆ బట్టలు మార్చేముందు ఇది పాపమవుతుందా అని ఫోన్ చేసి అడుగుతుంది. మనం కాకిని తలుచుకుంటే ఆ ఫోన్ బరువు తెలుస్తుంది. సినిమా చూశాక ఇట్లాంటి సంగతి ఒక్కటైనా వెతికి తెలుసుకుని, తీర్పులో అయిదారు మాటల్లో పెట్టండి.

నోట్సు

చూడబోయేముందు దేశం, ఏడాది, నిడివి తప్ప ఇంకేమీ చదవొద్దు. మొదటిసారి ఆపకుండా చూడాలి, ఎందుకంటే ఒక దృశ్యం ఎంతసేపు నిలిచిందన్నది కూడా దర్శకుడు చేసిన పనే. ఆపి టీ తాగొస్తే ఆ పనిని మీరు చెడగొట్టినట్టే. చేతిలో చిన్న పుస్తకం, పెన్సిలు. అభిప్రాయాలు వద్దు, కళ్ళకు కనిపించిందీ చెవులకు వినిపించిందీ మాత్రమే, సమయంతో సహా. "23 నిమిషాలు: తల్లి తలుపు వేసింది, గొళ్ళెం చప్పుడు, కెమెరా బయటే ఉండిపోయింది." ఇట్లాంటివి పది, పన్నెండు ఉంటే సరిపోతాయి. "అద్భుతం" అని రాసుకున్న కాగితం మర్నాడు ఎందుకూ పనికిరాదు. ఏది అద్భుతమో గుర్తుండదు.

మర్నాడు పుస్తకం తెరవకుండా గుర్తున్నవి మూడు రాయండి. ఆ తర్వాతే నోట్సు తెరిచి, ఆ మూడు సన్నివేశాల్ని మళ్ళీ చూసి సరిపోల్చుకోండి. జ్ఞాపకం తప్పడం మామూలే. పిల్లాడి చొక్కా రంగు, ఎవరు ముందు మాట్లాడారు అన్నవి తప్పుతాయి. అచ్చయిన తీర్పులో ఒక్క తప్పు దొరికినా మిగతాదంతా పాఠకుడు నమ్మడు.

"స్లో" అనే మాట

ఇది రాయకండి. ఎందుకంటే దాంతో ఏమీ తెలియదు. హంగరీ దర్శకుడు బేలా తార్ తీసిన "టురిన్ హార్స్" (2011) రెండున్నర గంటల సినిమా, మొత్తం షాట్లు, అంటే కోత లేకుండా నడిచే ముక్కలు, ముప్పై. సగటున ఒక్కోటి అయిదు నిమిషాలు. తండ్రీకూతుళ్ళు ఉడకబెట్టిన ఆలుగడ్డ తినడం, గాలికి ఎదురెళ్ళి బావి నుంచి నీళ్ళు తేవడం, రోజూ అదే. దాన్ని "స్లో" అంటే చూడాలనుకునేవాడికీ వద్దనుకునేవాడికీ సాయం కాదు. "ఒక్కో షాట్ అయిదు నిమిషాలు, అందులో జరిగేది ఇంటిపని" అంటే ఇద్దరికీ తేలిపోతుంది. నిదానాన్ని తప్పుపట్టాలన్నా ఇదే దారి: ఆ సమయంలో తెరమీద ఏముందో చెప్పండి, మొదటి నిమిషంలో తెలిసినదానికి అయిదో నిమిషం ఏమీ కలపలేదని చూపండి.

ఇట్లాంటి ఉత్తి మాటలు ఇంకొన్ని ఉన్నాయి. "కెమెరా పనితనం బాగుంది" అనేకంటే కెమెరా ఎక్కడ నిలబడిందో చెప్పండి. "సహజంగా నటించారు" అన్నచోట ఆ నటుడు చేసిన ఒక పని చూపండి, అన్నం కలిపిన తీరో, అబద్ధం చెప్పేముందు ఆగిన తీరో. "ఫస్టాఫ్, సెకండాఫ్" విదేశీ సినిమాకు అసలు కుదరవు. వాటిలో ఇంటర్వెల్ ఉండదు, మన థియేటర్‌వాళ్ళు తమకు వీలైనచోట ఆపుతారు. "గంట దాటాక", "చివరి ఇరవై నిమిషాలు" అని రాయండి. ఇక "గుండెల్ని పిండేసింది" అన్నది మీ గుండె సంగతి, సినిమా సంగతి కాదు.

కథ ఎంతవరకు చెప్పొచ్చు? నిడివిలో మొదటి నాలుగో వంతు దాటొద్దు. గంటన్నర సినిమాకు అంటే ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. ఇటలీ సినిమా "బైసికిల్ థీవ్స్" (1948)లో సైకిల్ పోవడం చెప్పొచ్చు, పేరులోనే ఉంది. ఆ తర్వాత తండ్రి ఏం చేస్తాడన్నది చెప్పకూడదు. ఇక్కడివాళ్ళకు ఆ సైకిల్ విలువ తెలియాలంటే "తాడెక్కే గౌడన్న మోకు మొదటి రోజే పోయినట్టు" అనండి చాలు. పోలిక పెడితే మనిషి పరిస్థితికి పెట్టాలి. అడ్డా మీద కూలికి నిలబడే మనుషుల విదేశీ సినిమా వస్తే పాలమూరు పాఠకుడికి బి. నర్సింగరావు "మట్టి మనుషులు" (1990) పేరెత్తడం అర్థవంతం. "ఇది ఇటలీ వాళ్ళ ఫలానా తెలుగు హిట్టు" అనే రకం పోలిక మాత్రం రెండు సినిమాలనూ చులకన చేస్తుంది.

ఒకటి రాసి చూద్దాం

"కూళాంగల్" అనే తమిళ సినిమాకు మొదటి చిత్తు మామూలుగా ఇట్లా వస్తుంది:

"అంతర్జాతీయ అవార్డు గెలుచుకున్న ఈ చిత్రం ఒక తండ్రీకొడుకుల ప్రయాణాన్ని హృద్యంగా ఆవిష్కరిస్తుంది. దర్శకుడి ప్రతిభ అడుగడుగునా కనిపిస్తుంది. కెమెరా పనితనం అద్భుతం. నెమ్మదిగా సాగినా మంచి సినిమా ఇష్టపడేవారు తప్పక చూడాల్సిన చిత్రం."

ఇందులో సినిమా పేరు తీసేసి వేరే యాభై సినిమాల పేర్లు పెట్టొచ్చు. "మంచి సినిమా ఇష్టపడేవారు" అంటే చెడ్డ సినిమా ఇష్టపడేవారెవరు? మళ్ళీ రాస్తే:

"కూళాంగల్ (తమిళం, 2021; దర్శకుడు పి.ఎస్. వినోద్‌రాజ్, గంటా పావు). ఇల్లు విడిచి పుట్టింటికి పోయిన భార్య కోసం తాగుబోతు తండ్రి, బడిలో ఉన్న కొడుకును లాక్కుని బయల్దేరతాడు. తిరుగుదారి అంతా మండుటెండలో నడకే. కెమెరా వాళ్ళ వీపుల వెంట చాలాసేపు నడుస్తుంది, నీడ ఎక్కడా దొరకదు. పిల్లాడు దాహానికి నోట్లో గులకరాయి వేసుకుంటాడు, దాని గురించి ఎవరూ మాట్లాడరు. తండ్రి అరుపులు మొదట్లో విసిగిస్తాయి. ఆ విసుగు పిల్లాడిది కూడా అని కాసేపటికి తెలుస్తుంది. పాటలు, మలుపులు కావాలనుకునేవాళ్ళకు ఇందులో ఏమీ లేదు. సబ్‌టైటిళ్ళు తేలిక. మే నెలలో మక్తల్ దారిలో బస్సు దొరక్క నడిచినవాళ్ళు ఈ ఎండను గుర్తుపడతారు. ఫోన్ పక్కన పెట్టి ఒక్క ఊపులో చూడండి."

ఎనభై మాటలకు కాస్త అటూఇటూ. అవార్డు మాట రాలేదు, అవసరం పడలేదు. మక్తల్ వాక్యం మన పాఠకుడి కోసమే. వేరే ఊరివాళ్ళకు రాసేటప్పుడు అది తీసేయాలి. గులకరాయి ఆ సినిమాకు మాత్రమే చెందిన వివరం, పేరు చెరిపేసినా ఏ సినిమానో దాన్నిబట్టి తెలిసిపోతుంది. ప్రతి తీర్పులోనూ అట్లాంటిది ఒకటి ఉండాలి.

మన ఊళ్ళ చిన్న సినిమాలు

వీటి దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఇక్కడ మనకు తెలిసింది బయటి విమర్శకుడికి తెలియదు. ముందు యాస. ప్రతి మాటకూ "గ" తగిలిస్తే తెలంగాణ అయిపోదు. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం కలుస్తుంది. గద్వాల, అలంపూర్‌లో కర్నూలు వాసన. కోదాడ, హుజూర్‌నగర్ మాటలో కృష్ణ అవతలి గాలి తగులుతుంది. తండ్రిని ఉత్తర తెలంగాణలో ఎక్కువగా "బాపు" అంటే మన దిక్కు "నాయిన" ఎక్కువ వినిపిస్తుంది. కథ దేవరకొండలోదని చెప్పి ఇంట్లో నలుగురూ నాలుగు జిల్లాల మాట మాట్లాడితే అది తప్పే, ఏ మాట తప్పో ఎత్తి చూపండి. యాస బాగుందని మెచ్చుకోవాలన్నా అంతే, ఒక మాట ఉదాహరణగా ఇవ్వాలి.

తర్వాత పని. "మల్లేశం" (2019) ఆసు పోసే యంత్రం చేసిన చింతకింది మల్లేశం కథ. ఆసు అంటే చీర నేసేముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పని. పోచంపల్లి చుట్టుపక్కల ఆసు పోసిన చేతులున్న ప్రేక్షకులు దానికి ఉన్నారు. దారం ఎట్లా తిరిగింది, భుజం ఎక్కడ నొచ్చింది అన్నది తెరమీద సరిగా ఉందా లేదా వాళ్ళకు మొదటి చూపులోనే తెలుస్తుంది. దున్నడం, కల్లు గీయడం, మేకలు కాయడం, ఏ పని చూపించినా నటుడి చేతులు చూడండి. ఆ పని చేసే మనిషిని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే ఇంకా మంచిది.

తక్కువ డబ్బుతో తీసిన సినిమా ముందుగా దెబ్బతినేది శబ్దంలో. బొమ్మను ఇప్పుడు మామూలు కెమెరాతో కూడా బాగా తీయొచ్చు. ఖాళీ గదిలో మాట్లాడితే వచ్చే మోత, షాట్ మారగానే మారిపోయే వెనక చప్పుడు, పెదాలకు అతకని మాట, ఇవి దొరికిపోతాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని అయిదు నిమిషాలు వినండి. తప్పుంటే రాయండి, జాలితో దాచకండి. టికెట్ కొన్నవాడు పెద్ద సినిమాకు ఇచ్చినంతే ఇచ్చాడు. అట్లాగని వంద కోట్ల సినిమాలో ఉండే హంగు దీంట్లో లేదని తప్పుపట్టడం అన్యాయం. తీసినవాళ్ళు మీకు తెలిసినవాళ్ళయితే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేయాలి, లేదా ఆ తీర్పు వేరేవాళ్ళకు అప్పగించాలి. జిల్లా కేంద్రాల్లో ఇట్లాంటి సినిమాకు శుక్రవారం దొరికేది ఒకటి రెండు ఆటలు, సోమవారానికి అవీ ఉండవు. కాబట్టి మొదటి ఆట చూసి సాయంత్రానికి తీర్పు ఇవ్వాలి. మర్నాటిదాకా ఆగమన్న నియమం ఇక్కడ ఒక్కచోట సడలించుకోవచ్చు.

పేర్లు, పతకాలు

కొరియా, చైనా, జపాన్ వాళ్ళు మనలాగే ఇంటిపేరు ముందు పెడతారు, హంగరీ వాళ్ళు కూడా (బేలా తార్‌లో తార్ ఇంటిపేరు, బయటివాళ్ళు తిప్పి రాస్తారు). "పారసైట్" దర్శకుడు బాంగ్ జూన్ హోలో బాంగ్ ఇంటిపేరు, రెండోసారి ప్రస్తావించేటప్పుడు "బాంగ్" అనాలి, "హో" కాదు. ఫ్రెంచి పేర్లలో చివరి హల్లు చాలాసార్లు పలకదు: Godard, Truffaut అని రాసి ఉన్నా గొడార్, త్రూఫో అనాలి. ఒక పేరుకు ఒకే రాత ఎంచుకుని, అన్ని తీర్పుల్లోనూ అదే వాడండి.

కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి పామ్ దోర్. గ్రాండ్ ప్రి అని వినగానే అదే మొదటిదనుకుంటారు గానీ అది రెండోది. మన దర్శకురాలు పాయల్ కపాడియా 2024లో గెలిచింది ఆ రెండోదే. వెనిస్‌లో గోల్డెన్ లయన్, బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ పెద్దవి. ఆస్కార్ విషయంలో మన పత్రికల్లో గందరగోళం ఎక్కువ. అంతర్జాతీయ సినిమా విభాగానికి ఒక్కో దేశం ఒక్కో సినిమాను పంపుతుంది, అది ఎంట్రీ. అందులోంచి పదిహేను షార్ట్‌లిస్ట్, అయిదు నామినేషన్. "కూళాంగల్" మన దేశపు ఎంట్రీ, పదిహేనులోకి రాలేదు. "ఆస్కార్ బరిలో" అని రాస్తే ఈ మూడింట్లో ఏదో చదివేవాడికి తెలియదు.

పిల్లలతో చూడొచ్చా అన్నదానికి ఓటీటీల్లో ఉండే యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ గుర్తు రాసి, కారణం ఒక మాటలో చెప్పండి: కొట్టడమా, బూతా, నగ్నత్వమా. తాతతో కలిసి హాల్లో చూసే ఇళ్ళు మనవి, ఆ ఒక్క మాట చాలా ఇబ్బందుల్ని తప్పిస్తుంది. చుక్కలు (స్టార్లు) వేయాల్సివస్తే అయిదుకు లెక్కపెట్టి అరతో ఆపండి. రెండుంపావుకూ రెండున్నరకూ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పలేరు.

పంపేముందు గట్టిగా చదవండి, ఊపిరి అందని వాక్యాన్ని రెండు చేయండి. సినిమా పేరు వేలితో మూసి, ఇంకో సినిమాకు ఈ తీర్పు అతుకుతుందా చూడండి. అతికిన వాక్యాన్నల్లా కొట్టేసి, ఆ చోట నోట్సు పుస్తకంలోంచి ఒక వివరం పెట్టండి. ఆఖరుగా ఆ సినిమా ఏ ఓటీటీలో ఉందో పంపే రోజే మళ్ళీ చూసి, తేదీతో సహా రాయండి. ఈ నెల ఉన్నది వచ్చే నెల అక్కడ ఉండకపోవచ్చు.